లయన్ కింగ్: సింహం నిజమైంది, మరి ఏడుపు ఎటు పోయింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక ఆరేళ్ళ పిల్లాడు నన్ను అడిగిన ప్రశ్న గురించి. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. వెతుక్కుంటూ పోతే అది నన్ను ఎక్కడెక్కడికో తీసుకెళ్ళింది. అమెరికాలో ఒక స్టూడియో, న్యూయార్క్‌లో ఒక నాటకం, జొహానెస్‌బర్గ్‌లో ఒక రికార్డింగ్ రూమ్, చివరికి మన బెంగళూరు. సో, కొంచెం ఓపికగా చూడండి.

2019 జులై. నేను ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. ఒక ఆదివారం మా అక్క కొడుకుని తీసుకుని హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌కి వెళ్ళాను. సినిమా ది లయన్ కింగ్, కొత్తది, తెలుగు వెర్షన్. సింబాకి నాని వాయిస్, స్కార్‌కి జగపతి బాబు, ముఫాసాకి రవిశంకర్, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ. ఈ లిస్ట్ చూస్తేనే టికెట్ డబ్బులు వచ్చేసినట్టు అనిపించింది నాకు.

ముఫాసా చనిపోయే సీన్ వచ్చింది. మీ అందరికీ తెలిసిందే. లోయలో అడవిదున్నల మంద, కిందపడిన తండ్రి, లేపడానికి ట్రై చేస్తున్న పిల్ల సింహం. నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే చిన్నప్పుడు పాత సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పక్కకి తిరిగి చూస్తే మావాడు హాయిగా పాప్‌కార్న్ తింటున్నాడు. తింటూ తింటూ నా చెవి దగ్గరికి వచ్చి అడిగాడు.

"మామయ్యా, వాళ్ళ నాన్న చనిపోతే సింబాకి ఏడుపు రాలేదా?"

"వచ్చింది రా. వినపడట్లేదా, ఏడుస్తున్నాడు కదా."

"గొంతు ఏడుస్తోంది. మొహం ఏడవట్లేదు."

అంతే. మళ్ళీ పాప్‌కార్న్‌లో చెయ్యి పెట్టాడు. నేను మాత్రం మిగతా సినిమా అంతా ఆ మాట పట్టుకునే కూర్చున్నాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి వాడికి 1994 సినిమా పెట్టాను. అదే సీన్, అదే లోయ. సింబా వెళ్ళి చనిపోయిన తండ్రి కాలి కింద దూరి పడుకున్నాడు. మావాడు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఒక్క పిల్లాడి మీద టెస్ట్ చేసి ఫలితం ఇదే అని తేల్చేయకూడదు. పైగా రెండోసారి చూసేటప్పటికి కథ వాడికి తెలుసు. అయినా సరే, వాడు చెప్పిన ఆ ఒక్క ముక్కలో విషయం ఉంది. బొమ్మలు గీసిన సినిమా కంటే, అచ్చం నిజంలా ఉన్న సినిమా ఎందుకు తక్కువ ఏడిపించింది?

ముందు పాత సినిమా కథ

చాలామందికి తెలియని విషయం ఏంటంటే, 1994 లయన్ కింగ్ మీద డిస్నీలోనే పెద్దగా ఆశలు లేవు. ఆ టైమ్‌లో స్టూడియోలో రెండు సినిమాలు పక్కపక్కనే తయారవుతున్నాయి. ఒకటి పోకహాంటస్, రెండోది ఇది. పేరున్న ఆర్టిస్టులు చాలామంది పోకహాంటస్ వైపు వెళ్ళిపోయారు. గొప్ప సినిమా అదే అవుతుందని నమ్మారు. సింహాల సినిమా మిగిలినవాళ్ళ చేతికి వచ్చింది. డైరెక్టర్లు రోజర్ ఆలర్స్, రాబ్ మింకాఫ్. ఇద్దరికీ ఫుల్ లెంగ్త్ సినిమా డైరెక్షన్ అదే మొదటిసారి.

పాత పురాణమో జానపద కథో తీసుకోకుండా సొంతంగా కథ అల్లుకున్నారు. వెనకాల షేక్‌స్పియర్ హామ్లెట్ నీడ ఉంది. అన్నని చంపి సింహాసనం ఎక్కిన బాబాయి, తండ్రి ఆత్మ, బరువు మోయలేక తిరిగే కొడుకు. జపాన్ వాళ్ళు మాత్రం ఇంకో మాట అంటారు. ఒసాము తెజుకా అనే మహా కార్టూనిస్ట్ 1950లోనే ఒక తెల్ల సింహం పిల్ల కథ మొదలుపెట్టాడు, మనవాళ్ళకి అది కింబా పేరుతో తెలుసు. దాని పోలికలు ఇందులో ఉన్నాయని అక్కడి ఆర్టిస్టులు వందలమంది సంతకాలు చేసి లెటర్ రాశారు. డిస్నీ ఒప్పుకోలేదు. అది సెపరేట్ ఎపిసోడ్ అయ్యేంత గొడవ, ఇప్పుడు వదిలేద్దాం.

టీమ్ కెన్యా వెళ్ళింది, సింహాలని చూసింది, బొమ్మలు గీసుకుంది. కానీ ఇక్కడే అసలు పాయింట్ ఉంది. వాళ్ళు గీసింది నిజం సింహాన్ని కాదు. స్కార్‌ని గీసింది ఆండ్రియాస్ డేజా అనే ఆర్టిస్ట్. స్కార్‌కి గొంతు ఇచ్చింది జెరెమీ ఐరన్స్ అనే నటుడు. డేజా ఆ నటుడి మొహాన్ని గమనించి, ఆ కనుబొమ్మలు, ఆ వెటకారం, ఆ నీరసంగా తల తిప్పే పద్ధతి, అన్నీ తెచ్చి సింహం మొహం మీద పెట్టాడు. అంటే సింహం ఆకారంలో ఉన్న మనిషిని గీశాడు. మనకి స్కార్ అంటే భయం ఎందుకు వేస్తుంది? అలాంటి బాబాయిని మనం ఏదో ఒక పెళ్ళిలో చూసే ఉంటాం కాబట్టి.

ఇంజనీర్లకి ఒక బోనస్ ముక్క. అడవిదున్నల మంద పరిగెత్తే సీన్ ఉంది చూశారా, స్క్రీన్ మీద రెండున్నర నిమిషాలు ఉంటుంది. దానికి రెండేళ్ళకి పైగా పట్టింది. ఒక్కో దున్నని చేత్తో గీస్తే జీవితాలు అయిపోతాయి. అందుకని కంప్యూటర్‌లో త్రీడీ దున్నల్ని తయారుచేసి, ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, కానీ అన్నీ ఒకేలా పరిగెత్తకుండా ఉండేలా ప్రోగ్రామ్ రాశారు. అంటే ఆ సినిమాలో టెక్నాలజీ లేదని కాదు. టెక్నాలజీ మందని నడిపింది. మొహాన్ని మాత్రం మనిషి చెయ్యే గీసింది.

ఇంకో కష్టం కూడా వచ్చింది. 1994 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో భూకంపం. స్టూడియో మూసేశారు. రిలీజ్ జూన్‌లో. ఆర్టిస్టులు బొమ్మలు ఇళ్ళకి పట్టుకెళ్ళి పని పూర్తి చేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ మనం 2020లో కనిపెట్టాం అనుకుంటాం కదా! చివరికి ఎవరూ పెద్దగా నమ్మని ఆ సినిమా ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. మ్యూజిక్‌కి హాన్స్ జిమ్మర్‌కి ఆస్కార్, పాటకి ఎల్టన్ జాన్, టిమ్ రైస్‌లకి ఇంకో ఆస్కార్.

మొదటి లైవ్ యాక్షన్ 2019ది కాదు

ఇప్పుడు ఒక ట్విస్ట్. లయన్ కింగ్‌కి మొదటి లైవ్ యాక్షన్ రీమేక్ 2019లో రాలేదు. 1997లోనే వచ్చింది. సినిమాగా కాదు, నాటకంగా. న్యూయార్క్ బ్రాడ్‌వేలో.

డైరెక్టర్ జూలీ టేమర్. ఆమె ముందున్న ప్రాబ్లమ్ ఊహించుకోండి. స్టేజ్ మీద సింహాలు కావాలి. మనుషులకి బొచ్చు డ్రెస్ వేసి, తలకి సింహం ముసుగు తొడిగితే స్కూల్ యానివర్సరీ అవుతుంది. ఆమె ఏం చేసిందంటే, సింహం ముసుగుని నటుడి మొహం మీద పెట్టలేదు, తల పైన పెట్టింది. ముసుగు కింద నటుడి మొహం మొత్తం కనిపిస్తుంది. మనకి సింహమూ కనిపిస్తుంది, మనిషీ కనిపిస్తాడు. ఇది నాటకం అని దాచే ప్రయత్నమే చేయలేదు.

ముఫాసా చనిపోయాక ఆ నాటకంలో ఏం జరుగుతుందో తెలుసా? ఆడసింహాల వేషం వేసినవాళ్ళు తమ కళ్ళ దగ్గరనుంచి తెల్లటి గుడ్డ పట్టీల్ని బయటికి లాగుతారు. పొడుగ్గా, కిందికి జారుతూ. అవే కన్నీళ్ళు. గుడ్డ అని మనకి తెలుసు. అయినా హాల్లో జనం ఏడుస్తారు. జూలీ టేమర్‌కి ఆ నాటకానికి బెస్ట్ డైరెక్షన్ టోనీ అవార్డ్ వచ్చింది. మ్యూజికల్ నాటకానికి ఆ అవార్డ్ తీసుకున్న మొదటి మహిళ ఆమే.

ఇది మనకి కొత్త కాదు ఫ్రెండ్స్. సురభి నాటకాలు చూసినవాళ్ళు కామెంట్స్‌లో చెప్పండి. మాయాబజార్ నాటకంలో వైర్లు కనిపిస్తూనే ఉంటాయి, అయినా ఘటోత్కచుడు వస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మా తాతయ్య అనేవారు, నాటకానికి సగం కళ్ళు వాళ్ళు పెడతారు, మిగతా సగం మనం పెట్టాలి అని.

సో, రీమేక్ అంటేనే తప్పు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మనం పుట్టి పెరిగిందే రీమేకుల్లో. రామాయణం ఎన్నిసార్లు, ఎన్ని భాషల్లో చెప్పుకున్నాం? మనం నెత్తిన పెట్టుకునే 1957 మాయాబజార్ కూడా మొదటిది కాదు. అదే శశిరేఖ కథతో 1936లోనే శశిరేఖా పరిణయం అని తెలుగు సినిమా వచ్చింది. కె.వి. రెడ్డి గారు దాన్ని మళ్ళీ చెప్పారు. కానీ చెప్పినప్పుడు తనది ఏదో ఒకటి కలిపారు. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు, సావిత్రి గారు శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించిన ఆ ఆట. మళ్ళీ చెప్పేవాడికి ఒక హక్కు ఉంది, దాంతోపాటు ఒక బాకీ కూడా ఉంది. కొత్తగా ఏదైనా ఇవ్వాలి.

2019లో ఏం జరిగింది

ఇప్పుడు అసలు సినిమాకి వద్దాం. డైరెక్టర్ జాన్ ఫావ్రో. అంతకుముందు 2016లో జంగిల్ బుక్ తీసి, దానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ తెచ్చుకున్న టీమ్. డిస్నీ అప్పటికే ఈ రూట్‌లో ఫుల్ స్పీడ్‌లో ఉంది. నిజానికి ఈ పద్ధతి 1996లో 101 డాల్మేషియన్స్ నాటికే ఉంది. 2010లో ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ వంద కోట్ల డాలర్లు దాటాక మాత్రం లైన్ కట్టేశాయి. సిండ్రెల్లా, జంగిల్ బుక్, బ్యూటీ అండ్ ది బీస్ట్. ఒక్క 2019లోనే డంబో, అల్లాదీన్, లయన్ కింగ్.

దీన్ని లైవ్ యాక్షన్ అన్నారు కానీ, అందులో లైవ్ ఏమీ లేదు. మొదట్లో సూర్యోదయం షాట్ ఒక్కటే నిజంగా కెమెరాతో ఆఫ్రికాలో తీసింది అని డైరెక్టర్ తర్వాత చెప్పాడు. మిగతా గడ్డిపోచ కూడా కంప్యూటర్‌దే. అంటే ఇది కూడా యానిమేషనే. యానిమేషన్‌ని యానిమేషన్‌తో రీమేక్ చేసి, ఇది యానిమేషన్ కాదు అని మనకి చెప్పారు.

తీసిన విధానం మాత్రం నాలాంటివాడికి పండగ. గేమ్స్ తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లో ఆఫ్రికా మొత్తాన్ని కట్టారు. డైరెక్టర్, కెమెరామ్యాన్ వీఆర్ హెడ్‌సెట్లు పెట్టుకుని ఆ అడవిలోకి వెళ్ళారు. ఖాళీ గదిలో నిజం క్రేన్లు, ట్రాలీలు పెట్టి, వాటిని లోపలి డిజిటల్ కెమెరాకి కలిపారు. కేలబ్ డెషనెల్ అనే సీనియర్ సినిమాటోగ్రాఫర్ చేత్తో ట్రాలీని తోస్తే, లోపల కెమెరా కదులుతుంది. ఒక కంపెనీలో కూర్చుని బగ్స్ క్లోజ్ చేసుకునే నాకు, ఈ మేకింగ్ వీడియో చూసినప్పుడు, నిజం చెప్తున్నా, అసూయ పుట్టింది.

మరి తేడా ఎక్కడ కొట్టింది? ఫావ్రో ఒక రూల్ పెట్టుకున్నాడు. జంతువు నిజంగా చేయగలిగిందే చేయాలి. నిజం సింహానికి కనుబొమ్మలు ఎగరేయడం రాదు. నవ్వడం రాదు. మనలాగా ఏడవడం రాదు. చూడ్డానికి డిస్కవరీ ఛానల్ డాక్యుమెంటరీలా ఉండాలి. ఆ రూల్‌కి ఒక లాజిక్ ఉంది. అంత నిజంగా కనిపించే సింహం మొహం మీద కార్టూన్ నవ్వు పెడితే చూసేవాడికి కడుపులో తిప్పుతుంది. సో, చేతకాక చేసింది కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. కానీ ఆ నిర్ణయానికి ధర ఉంది. 1994లో డేజా లాంటివాళ్ళు సింహం మొహంలోకి మనిషిని పంపారు. 1997లో టేమర్ ముసుగు కింద మనిషిని ఉంచింది. 2019లో మనిషిని పూర్తిగా తీసేశారు. మిగిలింది గొంతు ఒక్కటే.

మావాడు చెప్పింది ఇదే కదా. గొంతు ఏడుస్తోంది, మొహం ఏడవట్లేదు.

అందుకే తెలుగులో ఆ సినిమాని నిలబెట్టింది బ్రహ్మానందం, అలీ అని నా అభిప్రాయం. వాళ్ళ గొంతు వినగానే మన బుర్రలో వాళ్ళ మొహాలు వచ్చేస్తాయి. సింహం దగ్గర లేని ఎక్స్‌ప్రెషన్‌ని మనమే ఇరవై ఏళ్ళ సినిమాల్లోంచి తెచ్చి అక్కడ అతికించుకున్నాం.

ఇంకో లెక్క. పాత సినిమా 88 నిమిషాలు. కొత్తది 118. అరగంట ఎక్కువ. ఆ అరగంటలో కథలో కొత్తగా ఏం వచ్చింది అని ఆలోచిస్తే నాకు పెద్దగా ఏమీ గుర్తురాదు. షాట్‌కి షాట్ చాలాచోట్ల అదే. బాక్సాఫీస్ దగ్గర మాత్రం 160 కోట్ల డాలర్లు దాటింది. కాబట్టి ఫ్లాప్ అనే మాట ఎవరూ అనలేరు. నేనూ టికెట్ కొన్నవాణ్ణే, పాప్‌కార్న్‌తో సహా.

10 షిల్లింగుల పాట

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు రివ్యూ అయిపోయేది. కానీ ఆ రాత్రి పాత సినిమా, కొత్త సినిమా పోల్చుకుంటూ పోతే ఒక పాట దగ్గర ఆగిపోయాను. టిమోన్, పుంబా అడవిలో నడుస్తూ పాడే సింహం నిద్రపోయే పాట. 1994లో అది కొన్ని సెకన్లే. 2019లో దాన్ని పెంచారు. హాల్లో పిల్లలందరూ ఊగిపోయారు. ఈ పాట ఎవరిది?

సోలమన్ లిండా. సౌత్ ఆఫ్రికాలో జులూ జాతి మనిషి. 1909లో పుట్టాడు. పల్లె నుంచి పని కోసం జొహానెస్‌బర్గ్ వచ్చాడు. ఈవినింగ్ బర్డ్స్ అని ఒక పాటల గుంపు. 1939లో గాలో అనే రికార్డ్ కంపెనీ స్టూడియోలో ఒక పాట రికార్డ్ చేశారు. పేరు ఎంబూబే. జులూలో సింహం అని అర్థం. పాడుతూ పాడుతూ లిండా పై స్థాయిలో అప్పటికప్పుడు ఒక రాగం అందుకున్నాడు. ఈరోజు ప్రపంచం మొత్తం ఈల వేసే ట్యూన్ అదే.

ఆ పాట హక్కులు కంపెనీకి వెళ్ళిపోయాయి. లిండాకి వచ్చింది 10 షిల్లింగులు. అంటే అర పౌండు. అతను అదే కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే పని చేశాడు.

ఆ రికార్డ్ అమెరికా చేరింది. పీట్ సీగర్ అనే జానపద గాయకుడు విన్నాడు. జులూలో ఉయింబూబే అనే మాట అతనికి విమోవే అని వినిపించింది. ఆ పేరుతోనే వాళ్ళ గ్రూప్ వీవర్స్ పాడి హిట్ కొట్టింది. 1961లో టోకెన్స్ అనే గ్రూప్ ఇంగ్లీష్ మాటలు పెట్టి పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ తర్వాతి ఏడాది, 1962లో, లిండా చనిపోయాడు. బ్యాంక్ ఖాతాలో పాతిక డాలర్లు కూడా లేవు. సమాధి మీద పేరు చెక్కించిన రాయి పెట్టడానికి కుటుంబానికి చాలా ఏళ్ళు పట్టింది.

1994లో ఆ ట్యూన్ లయన్ కింగ్‌లోకి వచ్చింది. లిండా కూతుళ్ళు సొవెటోలో పేదరికంలో ఉన్నారు. 2000లో రియాన్ మలాన్ అనే సౌత్ ఆఫ్రికా జర్నలిస్ట్ ఈ కథ మొత్తం రోలింగ్ స్టోన్ పత్రికలో రాశాడు. అప్పుడు ఒక పాత చట్టం బయటికి తీశారు. 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం. దాని ప్రకారం రచయిత హక్కులు అమ్ముకున్నా సరే, అతను చనిపోయిన 25 ఏళ్ళకి అవి వారసులకి తిరిగి వస్తాయి. లెక్క వేయండి. 1962కి 25 కలిపితే 1987. సినిమా వచ్చింది 1994. అంటే అప్పటికి హక్కులు కూతుళ్ళవి అని లాయర్ల వాదన.

2004లో కుటుంబం తరఫున సౌత్ ఆఫ్రికాలో డిస్నీ మీద కేసు వేశారు. డిస్నీ వైపు మాట ఏంటంటే, మేము అమెరికాలో హక్కులున్న కంపెనీ దగ్గర లైసెన్స్ తీసుకునే వాడుకున్నాం అని. 2006లో ఆ హక్కులున్న అబిలీన్ మ్యూజిక్‌తో రాజీ కుదిరింది. లిండాని పాట సృష్టికర్తల్లో ఒకడిగా ఒప్పుకున్నారు. కుటుంబానికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎంత అనేది అప్పట్లో బయటపెట్టలేదు. రికార్డింగ్ జరిగి అప్పటికి 67 ఏళ్ళు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2019 సినిమా ఆల్బమ్‌లో ఎంబూబే పాట లెబో ఎం గొంతుతో ఉంది. 1994 సినిమా మొదట్లో సూర్యుడు వచ్చేటప్పుడు జులూలో ఒక కేక వినిపిస్తుంది కదా, ఆ గొంతు ఆయనదే. సౌత్ ఆఫ్రికా మనిషి. అంటే ఆల్బమ్ కొన్నవాడికి అసలు పాట దొరుకుతుంది. కానీ హాల్లో ఊగిన పిల్లలకి ఎవరు చెప్తారు?

నన్ను కలవరపెట్టింది ఇదే. లయన్ కింగ్ కథ మొత్తం ఒక్క విషయం గురించి. నువ్వెవరో మర్చిపోకు, నీకు ముందు ఎవరున్నారో మర్చిపోకు అని. ఆ మాట చెప్పే సినిమాలోనే, సింహం పాట కట్టిన మనిషిని అందరూ మర్చిపోయారు.

మరి ఇప్పుడు సింహాన్ని చేసింది ఎవరు?

అది పాత రోజుల సంగతి, ఇప్పుడు అలా లేదు అంటారా? చివరి ముక్క వినండి.

2019 సింహాల బొచ్చు, కండరాలు, గడ్డి, దుమ్ము, ఇవన్నీ చేసింది ఎంపీసీ అనే విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీ. లండన్‌తో పాటు దానికి బెంగళూరులో పెద్ద స్టూడియో ఉండేది. మన దగ్గర నుంచి యానిమేషన్ కోర్సులు చేసి బెంగళూరు బస్సు ఎక్కినవాళ్ళు మీ ఫ్రెండ్స్‌లో కూడా ఉండే ఉంటారు. 2024 డిసెంబర్‌లో ముఫాసా వచ్చింది. తెలుగులో మహేష్ బాబు వాయిస్ అని మనం ఎంత హడావిడి చేశామో గుర్తుందిగా. ఆ సినిమా ఎఫెక్ట్స్ కూడా ఎంపీసీవే. సరిగ్గా రెండు నెలల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, దాని మాతృసంస్థ టెక్నికలర్ కుప్పకూలింది. బెంగళూరులో వేలమంది ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి.

ఇది మొదటిసారి కాదు. 2012లో లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులి గుర్తుందా? చేసింది రిథమ్ అండ్ హ్యూస్. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. స్టేజ్ మీద సూపర్‌వైజర్ బిల్ వెస్టెన్‌హోఫర్ కంపెనీ కష్టాల గురించి చెప్పబోతుంటే, టైమ్ అయిపోయిందని మ్యూజిక్ పెంచి మైక్ కట్ చేశారు.

సోలమన్ లిండాకి జరిగింది, వీళ్ళకి జరిగింది ఒకటే అని నేను అనను. వీళ్ళకి జీతాలు వచ్చాయి, క్రెడిట్స్‌లో పేర్లు వచ్చాయి. కంపెనీలు మూతపడటానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. కానీ ఒక పోలిక మాత్రం నాకు కనిపిస్తుంది. మనం తెర మీద సింహాన్ని చూసి అబ్బ, ఎంత నిజంగా ఉంది అంటాం. ఆ నిజాన్ని కూర్చుని చేసిన మనిషి మాత్రం మనకి అస్సలు కనిపించడు. 2019 సినిమా మొహంలోంచి మనిషిని తీసేసింది అన్నాను కదా. మనం ప్రేక్షకులుగా చేసేది కూడా దాదాపు అదే. పేర్లు మొదలవగానే లేచి పార్కింగ్ వైపు పరిగెత్తుతాం.

నా తీర్పు అడిగితే, 2019 లయన్ కింగ్ చెత్త సినిమా కాదు. గొప్ప పనితనం ఉన్న, గుండె పలచనైన సినిమా. ఒక్కసారి చూడొచ్చు. పిల్లలకి మొదట చూపించాల్సింది మాత్రం 1994దే. పెద్దవాళ్ళు ఎంబూబే 1939 రికార్డింగ్ వినండి, యూట్యూబ్‌లో దొరుకుతుంది. మాట ఒక్కటి అర్థం కాకపోయినా ఆ పై స్థాయి రాగం దగ్గర మీకే తెలుస్తుంది.

మా మేనల్లుడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. మొన్న వాడికి లిండా కథ మొత్తం చెప్పాను. అంతా విని, "10 షిల్లింగులంటే మన డబ్బుల్లో ఎంత మామయ్యా?" అన్నాడు. ఇప్పటి రేటుకి అర పౌండ్ అంటే ఒక సమోసా, ఒక చాయ్ వస్తాయి రా అన్నాను. పాప్‌కార్న్ కూడా రాదా అన్నాడు. రాదు అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఒక సినిమాకి వెళ్ళాం. అయిపోయింది, లైట్లు వేశారు, జనం లేచారు, ఊడ్చేవాళ్ళు లోపలికి వచ్చేశారు. నేను లేవబోతే వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు మామయ్యా. పేర్లు ఇంకా అవలేదు."

సరే ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ ఇంతే. మీ ఇంట్లో పిల్లలకి ఏ లయన్ కింగ్ నచ్చింది, ఎందుకు నచ్చింది, వాళ్ళనే అడిగి కామెంట్‌లో రాయండి. ఎంపీసీలో గానీ, రిథమ్ అండ్ హ్యూస్‌లో గానీ పని చేసినవాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే, మీరు ఏ షాట్ మీద పని చేశారో చెప్పండి. మళ్ళీ చూసినప్పుడు అక్కడ పాజ్ చేసి మా ఇంట్లో మీ గురించి చెప్తాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.